పాత బెంజ్ కారుకు కొత్త స్క్రీన్: చిక్కంతా డ్యాష్‌బోర్డు వెనకే

కర్నూలు, అనంతపురం, కడప రోడ్ల మీద పదిహేనేళ్ల నాటి బెంజ్, బీఎండబ్ల్యూ, ఆడి కార్లు కనిపించడం ఇప్పుడు వింతేమీ కాదు. హైదరాబాదులోనో బెంగళూరులోనో మొదటి యజమాని కొన్నేళ్లు వాడి అమ్మేసిన కారు, కొత్త చిన్న కారు ధరకే చేతికొస్తుంది. ఇంజన్ బాగుంటుంది, సీట్లు బాగుంటాయి, హైవే మీద వంద స్పీడులో వెళ్తున్నా వెనక కూర్చున్నవాళ్ల మాట ముందువాళ్లకు స్పష్టంగా వినిపిస్తుంది. వెలితల్లా డ్యాష్‌బోర్డు మధ్యలో ఉంటుంది. కంపెనీ ఇచ్చిన సిస్టమ్ సీడీల కాలం దగ్గరే ఆగిపోయి ఉంటుంది. ఫోన్ కలిపితే కాల్ వస్తుంది గానీ పాట రాదు. కొన్నిటిలో బ్లూటూతే ఉండదు. పెనుకొండ దగ్గరి కియా ఫ్యాక్టరీలో 2019లో తయారీ మొదలైన సెల్టోస్ పై వేరియంట్‌లో 10.25 అంగుళాల తెర, ఫోన్‌లోని పాటలనూ మ్యాపులనూ ఆ తెర మీదికి తెచ్చే కార్‌ప్లే, ఆండ్రాయిడ్ ఆటో అన్నీ అప్పుడే వచ్చాయి. కొత్తలో దానికంటే ఎంతో ఎక్కువ ధర పలికిన కారులో ఫోన్ పాట వినే దారి లేకపోతే ఎవరికైనా మనసు చివుక్కుమంటుంది.

కాలం లెక్క చూస్తే ఇందులో ఆ కంపెనీల తప్పేమీ లేదు. యాపిల్ కార్‌ప్లేను ప్రకటించింది 2014లో. ఆండ్రాయిడ్ ఆటో జనం చేతికి వచ్చింది 2015లో. 2008లోనో 2010లోనో అమ్ముడైన బెంజ్ ఈ-క్లాస్‌లో, బీఎండబ్ల్యూ 5 సిరీస్‌లో, ఆడి ఏ6లో అవి ఉండే వీలే లేదు. అందుకే పాతది తీసేసి ఆండ్రాయిడ్ స్క్రీన్ పెట్టించాలన్న ఆలోచన వస్తుంది. ఆ ఆలోచనలో తప్పులేదు. అయితే స్విఫ్ట్‌కు పెట్టించినట్టే దీనికీ పెట్టించవచ్చు అనుకుంటేనే ఇబ్బంది మొదలవుతుంది. పాట రాదు. స్టీరింగ్ మీది బటన్లు పనిచేయవు. రివర్స్‌లో వచ్చే బీప్ శబ్దం మాయమవుతుంది. మూడో రోజు పొద్దున కారు స్టార్టే కాదు. ఒక్కోటీ ఒక్కో జబ్బులా కనిపిస్తుంది గానీ వేరు ఒక్కటే. ఈ కార్లలో స్టీరియో విడి వస్తువు కాదు. కారులోని యూనిట్లన్నీ ఒకదానితో ఒకటి మాట్లాడుకునే నెట్‌వర్క్‌లో అదొక భాగం.

మామూలు కారులో ఎలా ఉంటుందో ముందు చూస్తే తేడా తెలుస్తుంది. స్టీరియో కూర్చునే గూడుకు ఒక అంతర్జాతీయ కొలత ఉంది. సింగిల్ డిన్ అంటే 180 మిల్లీమీటర్ల వెడల్పు, 50 మిల్లీమీటర్ల ఎత్తు. డబుల్ డిన్ అంటే అదే వెడల్పు, 100 మిల్లీమీటర్ల ఎత్తు. ఆ గూడు వెనక వచ్చే వైర్లు కూడా సులభమే. ఎప్పుడూ ఉండే పన్నెండు వోల్టులు, తాళం తిప్పితే వచ్చే కరెంటు, ఎర్త్, నాలుగు స్పీకర్లకు నాలుగు జతలు, ఒక యాంటెనా. ఒక్కో వైరుది ఒక్కో పని. వైర్ల చివర ఉండే ప్లగ్గు, అంటే కప్లర్ సరిపోకపోయినా రంగులు చూసి కలిపేయవచ్చు. మన ఊళ్లలో ఆటో ఎలక్ట్రీషియన్లకు ఈ పని వెన్నతో పెట్టిన విద్య.

జర్మన్ లగ్జరీ కార్లలో 2000 తర్వాత ఈ పద్ధతి మారిపోయింది. 2001లో వచ్చిన బీఎండబ్ల్యూ 7 సిరీస్‌తో మోస్ట్ అనే నెట్‌వర్క్ కార్లలోకి అడుగుపెట్టింది. మరుసటి ఏడాది మెర్సిడెస్ డబ్ల్యూ211 ఈ-క్లాస్, ఆడి ఏ8 అదే దారి పట్టాయి. ఆ తర్వాత 5 సిరీస్, ఏ6 వంటివి వచ్చాయి. ఇందులో పాట కరెంటు రూపంలో కాకుండా వెలుగు రూపంలో ప్రయాణిస్తుంది. ఒక మిల్లీమీటరు మందం ఉండే ప్లాస్టిక్ ఫైబర్ గుండా ఎర్రటి కాంతి పోతుంది. మొదటి తరం మోస్ట్ వేగం సెకనుకు సుమారు 25 మెగాబిట్లు. స్టీరియో, శబ్దాన్ని పెంచి స్పీకర్లకు పంపే ఆంప్, సీడీ ఛేంజర్, ఫోన్ మాడ్యూల్, కొన్నిటిలో రేడియో ట్యూనర్ కూడా ఒక వలయంలో కూర్చుంటాయి. ఒక్కొక్కటీ తనకు అందిన వెలుగులోని సమాచారాన్ని చదువుకుని పక్కదానికి తిరిగి పంపాలి. అలా చుట్టూ తిరిగి మొదలైన చోటికి వస్తేనే సిస్టమ్ బతికి ఉన్నట్టు లెక్క. సీమలో గొలుసుకట్టు చెరువుల సంగతి తెలిసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. పైచెరువు నీళ్లు వదలకపోతే కిందివన్నీ ఎండుతాయి. ఇక్కడా అంతే, వలయంలో ఒక్క యూనిట్ తీసేసినా మిగతావన్నీ మూగబోతాయి.

స్టీరియో తీసి పక్కన పెట్టగానే పాట ఆగడానికి కారణం ఇదే. ఆంప్ చెడిపోలేదు, స్పీకర్లు చెడిపోలేదు. ఆంప్‌కు చెప్పేవాళ్లు లేరు, అంతే. కొత్త ఆండ్రాయిడ్ యూనిట్ వెనక నుంచి స్పీకర్ వైర్లు వస్తాయి, విడి ఆంప్‌కు పాట పంపే ఆర్‌సీఏ పిన్నులు వస్తాయి. ఆంప్ మాత్రం వెలుగు కోసం ఎదురుచూస్తుంటుంది. ఈ రెంటికీ మధ్య అనువాదం చేసే డబ్బా ఒకటి కావాలి. దాన్నే షాపుల్లో ఫైబర్ డీకోడర్ అని అమ్ముతారు. అది లేకుండా బిగించాలంటే కంపెనీ ఆంప్‌ను పూర్తిగా వదిలేసి, డిక్కీ దాకా కొత్త వైర్లు లాగి, స్పీకర్లను నేరుగా కొత్త యూనిట్‌కు కలపాలి. చాలామందికి తెలియకుండానే జరిగిపోయేది ఈ రెండో పనే.

తమ కారులో ఫైబర్ ఉందో లేదో తెలుసుకోవడం కష్టం కాదు. సిస్టమ్ వెనక ఉండే పెద్ద చదరపు కప్లర్‌లో ఒక మూలన విడిగా ఊడివచ్చే చిన్న కప్లర్ ఉండి, దానిలోంచి సాధారణంగా నారింజ రంగులోనో ఆకుపచ్చ రంగులోనో రెండు సన్నటి తీగలు పోతుంటే అది మోస్ట్. సిస్టమ్ ఆన్‌లో ఉండగా ఆ కప్లర్ ఊడదీస్తే ఎర్రటి వెలుగు కంటికి కనిపిస్తుంది. ఒకే మోడల్‌లో కూడా మామూలు రేడియో వచ్చిన కారుకు ఫైబర్ లేకపోవచ్చు, పై రకం సౌండ్ సిస్టమ్ వచ్చినదానికి ఉండవచ్చు. కాబట్టి స్నేహితుడి కారుకు ఏది సరిపోయిందో అదే ఆర్డర్ పెట్టడం సరైన పద్ధతి కాదు. తన కారు డ్యాష్‌బోర్డు వెనక ఏముందో చూసి, ఫొటో తీసి పెట్టుకున్నాకే డబ్బు కట్టాలి.

ఈ ఫైబర్ విషయంలో మన ప్రాంతానికి తగిన జాగ్రత్త ఒకటుంది. ఆ ప్లాస్టిక్ తీగ చివర అద్దంలా శుభ్రంగా ఉండాలి. వేలి జిడ్డు, దుమ్ము అంటుకుంటే వెలుగు తగ్గిపోతుంది. బేతంచెర్ల వైపు బండల పాలిషింగ్ యూనిట్ల దగ్గరా, తాడిపత్రి వైపు సిమెంటు లారీలు తిరిగే రోడ్ల పక్కనా ఉన్న షెడ్డులో, తలుపులు బార్లా తీసి ఈ కప్లర్‌ను గంటసేపు అలా వదిలేస్తే ఆ తర్వాత అప్పుడప్పుడూ పాట ఆగిపోయే జబ్బు పట్టుకోవచ్చు. తీగ కొసకు మూత పెట్టాలి, మూత లేకపోతే శుభ్రమైన ప్లాస్టిక్ కవర్ చుట్టినా చాలు. మరీ గట్టిగా వంచకూడదు కూడా. 25 మిల్లీమీటర్ల వ్యాసార్థం కంటే చిన్న మలుపు తిప్పితే వెలుగు బయటికి కారిపోతుంది. స్క్రీన్ వెనక చోటు చాలక వైర్లను కుక్కి లోపలికి తోసేటప్పుడు ఈ తీగే ముందు దెబ్బతింటుంది.

మోస్ట్ పాటను మోసేది. ఇక క్యాన్ అనే ఇంకో నెట్‌వర్క్ కారు మొత్తానికీ ఉంటుంది. బాష్ కంపెనీ 1986లో బయటపెట్టిన పద్ధతి ఇది. రెండు వైర్ల మీద ఇంజన్, గేరుబాక్సు, తలుపులు, ఏసీ, మీటర్ అన్నీ మాట్లాడుకుంటాయి. తాళం తిప్పారన్న సంగతి, రివర్స్ గేరు పడిందన్న సంగతి, రాత్రి లైట్లు వేశారన్న సంగతి స్టీరియోకు విడి వైరు మీద రాదు, ఈ రెండు వైర్ల మీద మాటలుగా వస్తుంది. అందుకే లగ్జరీ కారు కప్లర్‌లో తాళం కరెంటు కోసం టెస్టర్ పెట్టి ఎంత వెతికినా దొరకదు. అది దొరకని చోట సిగరెట్ లైటర్ వైరు నుంచో, ఫ్యూజ్ బాక్సు నుంచో జాయింట్ కొట్టేస్తారు. పనిచేస్తుంది కూడా. స్టీరింగ్ బటన్లు మాత్రం పనిచేయవు, వాటి మాట క్యాన్ మీదే వస్తుంది కాబట్టి. దీనికి క్యాన్ డీకోడర్ అనే చిన్న డబ్బా ఉంటుంది. కారు మోడల్‌కూ సంవత్సరానికీ తగినది కాకపోతే అది ఉన్నా లేనట్టే.

పాత సిస్టమ్ పాటలు వినిపించడమే కాకుండా ఇంకెన్ని పనులు చేస్తోందో కూడా చూసుకోవాలి. బీఎండబ్ల్యూ ఈ60 (5 సిరీస్), ఈ90 (3 సిరీస్) కార్లలో పార్కింగ్ సెన్సార్ బీప్ కారు స్పీకర్ల లోంచే వస్తుంది. ఐడ్రైవ్ అనే తెర, నాబ్ మెనూ ఉన్నవాటిలో సర్వీసు ఎప్పుడు చేయించాలో చూపేదీ, తలుపుల లాక్, లైట్ల సెట్టింగులు మార్చేదీ ఆ తెరే. యూనిట్‌ను పూర్తిగా తీసేస్తే ఇవన్నీ దానితో పోతాయి. ఆడిలో ఇంకో తలనొప్పి, కాంపోనెంట్ ప్రొటెక్షన్. దొంగతనం ఆపడానికి పెట్టిన ఏర్పాటు ఇది. ఒక కారులోని యూనిట్‌ను తీసి ఇంకో కారులో పెడితే పనిచేయకుండా లాక్ అవుతుంది. దాన్ని విడిపించాలంటే డీలర్ తన కంప్యూటర్‌ను కంపెనీ సర్వర్‌కు కలపాలి. సెకండ్‌హ్యాండ్ యూనిట్ చౌకగా దొరికిందని తెచ్చుకున్నవాళ్లు ఇక్కడే ఇరుక్కుంటారు.

సౌండు సంగతి

ఈ కార్ల అసలు విలువ ఇక్కడుంది. దీని మీద జరిగేంత అన్యాయం ఇంకదేనిమీదా జరగదు. డబ్ల్యూ211 ఈ-క్లాస్‌లోనూ, ఈ60 5 సిరీస్‌లోనూ పై రకం సిస్టమ్‌గా హార్మన్ కంపెనీ లాజిక్ 7 వచ్చేది. డాష్ మధ్యలో ఒక స్పీకర్, తలుపుల్లో మధ్య స్వరాలకు మిడ్‌రేంజ్, అద్దాల మూలల్లో సన్నటి స్వరాలకు ట్వీటర్లు, బీఎండబ్ల్యూలో అయితే ముందు సీట్ల కింద బేస్ స్పీకర్లు, వెనక మరికొన్ని. ఈ స్పీకర్లను విడిగా చేతిలోకి తీసుకుని చూస్తే గొప్పగా ఏమీ అనిపించవు, కొన్నిటిది కాగితపు కోనే. మహత్యమంతా ఆంప్‌లో ఉంది. ఏ స్పీకర్‌కు ఏ స్వరాలు పంపాలి, ఎంత ఆలస్యంగా పంపాలి, ఆ కారు లోపలి అద్దాలకూ తోలు సీట్లకూ తగ్గట్టు ఎక్కడ పెంచాలి, ఎక్కడ తగ్గించాలి అన్న లెక్క అంతా ఆ ఆంప్‌లో ముందే రాసి ఉంటుంది. ఆంప్‌ను వదిలేసి స్పీకర్లను నేరుగా కలిపితే ఆ లెక్క మొత్తం పోతుంది. ట్వీటర్లు కీచుమంటాయి, బేస్ డొల్లగా మారుతుంది, గాయని గొంతు డ్యాష్‌బోర్డు మధ్యలోంచి రావాల్సింది డ్రైవర్ పక్క తలుపులోంచి వస్తుంది. అప్పుడు స్పీకర్లు పాతబడ్డాయి, మార్చాలి అంటారు. తర్వాత కొత్త ఆంప్ అంటారు, ఆ తర్వాత డిక్కీలో వూఫర్ అంటారు. నిజానికి తీసేయకుండా ఉంటే అసలు ఖర్చే లేని సంగతి ఇది.

కొత్త స్టీరియో అట్టపెట్టె మీద రాసే వాట్ల గురించి ఒక మాట. 50 వాట్లు గుణకారం నాలుగు అని ముద్రించి ఉంటుంది. ఇంజన్ నడుస్తున్నప్పుడు కారులో ఉండే వోల్టేజి 14.4. స్టీరియో లోపలి చిన్న ఆంప్ ఆ వోల్టేజితో నాలుగు ఓమ్‌ల స్పీకర్‌కు శబ్దం పగలకుండా నిలకడగా ఇవ్వగలిగింది ఛానెల్‌కు 20 వాట్ల దగ్గర ఆగిపోతుంది. ఇది ఫిజిక్స్ పెట్టిన హద్దు, బ్రాండ్‌ను బట్టి మారేది కాదు. అంతకు మించి రావాలంటే వోల్టేజిని పెంచుకునే పవర్ సప్లై ఉన్న విడి ఆంప్ కావాలి. పైగా లగ్జరీ కార్ల స్పీకర్లలో కొన్ని రెండు ఓమ్‌లవి ఉంటాయి. నాలుగు ఓమ్‌ల కోసం చేసిన యూనిట్‌కు వాటిని నేరుగా తగిలిస్తే కరెంటు రెట్టింపు లాగి యూనిట్ వేడెక్కిపోతుంది, లేదా దానంతటదే ఆగిపోతుంది. మల్టీమీటర్‌తో స్పీకర్ రెండు పిన్నుల మధ్య కొలిస్తే రెండు ఓమ్‌ల స్పీకర్ రెండుకు కొంచెం తక్కువగా, నాలుగు ఓమ్‌లది మూడు పైచిలుకు చూపిస్తుంది. ఒక్క నిమిషం పని, చేయించుకోవడం మంచిది.

రేడియో వినేవాళ్లకు ఇంకో చిక్కు. ఈ కార్లలో యాంటెనా వెనక అద్దంలో గీతలుగా ఉంటుంది, దాని పక్కనే ఒక చిన్న ఆంప్లిఫైయర్. దానికి కరెంటు యాంటెనా వైరు మీదే స్టీరియో నుంచి వెళ్లేది. కొత్త యూనిట్ ఆ కరెంటు పంపకపోతే ఊరు దాటగానే ఎఫ్ఎం గరగరమంటుంది. కరెంటు పంపే అడాప్టర్ ఒకటి దొరుకుతుంది, చాలా చౌక. చాలా ఆండ్రాయిడ్ యూనిట్లలో మీడియం వేవ్ పేరుకే ఉంటుంది. కడప ఆకాశవాణిని మీడియం వేవ్ మీద విని పెరిగినవాళ్లు దీన్ని గుర్తుపెట్టుకోవాలి.

బ్యాటరీ, ఎండ

బిగించిన రోజు అన్నీ బాగుంటాయి. అసలు పరీక్ష కారు నాలుగు రోజులు ఇంటి ముందు నిలబడ్డాక మొదలవుతుంది. లాక్ వేసి వెళ్లాక కారులోని నెట్‌వర్క్‌లు ఒక్కొక్కటీ నిద్రపోవాలి. అన్నీ పడుకున్నాక కారు లాగే కరెంటు సాధారణంగా 50 మిల్లీ ఆంపియర్ల లోపు ఉండాలి. అంటే రోజుకు 1.2 ఆంపియర్ అవర్లు. 80 ఆంపియర్ అవర్ల బ్యాటరీ ఆ లెక్కన నెల రోజులు నిలిచినా స్టార్ట్ అవుతుంది. సరిగా కుదరని క్యాన్ డబ్బా మాత్రం నెట్‌వర్క్‌తో మాట్లాడుతూనే ఉంటుంది, దాంతో మిగతా యూనిట్లూ మేలుకునే ఉంటాయి. అర ఆంపియర్ లాగినా రోజుకు 12 ఆంపియర్ అవర్లు, నాలుగు రోజులకు 48. సగం పైగా ఖాళీ అయిన బ్యాటరీతో పెద్ద డీజిల్ ఇంజన్ తిరగదు. బీఎండబ్ల్యూలో బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ మీద ఒక సెన్సార్ ఉండి ఈ కరెంటును కొలుస్తూ ఉంటుంది. బ్యాటరీ ఎక్కువగా దిగిపోతోందని తెర మీద మెసేజ్ వస్తే బ్యాటరీ మార్చే ముందు కొత్త స్టీరియోను అనుమానించాలి. చాలామంది చేసేది దానికి తలకిందులు. కొత్త బ్యాటరీ కొంటారు, అదీ నెల తిరక్కుండా దిగిపోతుంది, కారుకే శని పట్టిందని అమ్మేస్తారు.

కొలిచే విధానం ఏ ఎలక్ట్రీషియన్ అయినా చేయగలిగిందే. మల్టీమీటర్‌ను పది ఆంపియర్ల రేంజిలో పెట్టి బ్యాటరీ నెగటివ్ వైరుకు వరుసలో కలపాలి. కలిపాక ఇంజన్ స్టార్ట్ చేయకూడదు, తలుపు తీయకూడదు, చేస్తే మీటర్ ఫ్యూజ్ పోతుంది. బానెట్, డిక్కీ తెరిచి ఉంటే వాటి తాళం గొళ్లేన్ని స్క్రూడ్రైవర్‌తో నొక్కి మూసుకున్నట్టు చేయాలి, లేకపోతే కారు నిద్రపోదు. తాళం చెవిని దూరంగా పెట్టాలి. గంట ఆగి చూడాలి. పాత స్టీరియో ఉన్నప్పుడు ఒకసారి, కొత్తది పెట్టాక ఒకసారి కొలిచి రెండు అంకెలూ రాసి పెట్టుకుంటే, తర్వాత ఏ గొడవ వచ్చినా మాటల మీద వాదన ఉండదు.

స్కోడా, ఫోక్స్‌వ్యాగన్ కార్లలో బాగా పేరున్న ఆర్‌సీడీ 330 యూనిట్‌కు కూడా ఈ చిక్కు తప్పలేదు. అది ఫోక్స్‌వ్యాగన్ సొంత యూనిట్టే, కార్‌ప్లే ఉంటుంది, స్కోడా లారాకూ పాత సూపర్బ్‌కూ గూడులో అచ్చంగా సరిపోతుంది. కొన్ని పాత కార్లలో మాత్రం కారులోని నెట్‌వర్క్‌లను ఒకదానితో ఒకటి కలిపే గేట్‌వే మాడ్యూల్ పాతదైతే యూనిట్ నిద్రపోక బ్యాటరీ దిగుతుంది. గేట్‌వే మార్చడమో, మధ్యలో క్యాన్ ఫిల్టర్ పెట్టడమో చేయాలి. ఇంత జాగ్రత్త తీసుకున్నా, పూర్తిగా మార్చాలనుకునేవాళ్లకు ఈ కార్లే అన్నిటికంటే అనుకూలం. ఫైబర్ లేదు, గూడు డబుల్ డిన్‌కు దగ్గర, విడిభాగాలు దొరుకుతాయి.

ఇక ఎండ. మే నెలలో కర్నూలు, కడపల్లో నీడలోనే 42, 43 డిగ్రీలు మామూలు. అద్దాలు మూసి ఎండలో నిలిపిన కారులో డ్యాష్‌బోర్డు పైభాగం గంటలో 70 డిగ్రీల దరిదాపుల్లోకి పోతుంది. కంపెనీ యూనిట్‌లోని చిప్పులు కనీసం 85 డిగ్రీలు తట్టుకునేలా కార్ల కోసమే పరీక్షించినవి. చవక ఆండ్రాయిడ్ యూనిట్‌లో ఉండేది ఎక్కువగా టాబ్లెట్‌కు వాడే సరుకు. రెండు వేసవులు గడిచేసరికి తెర అంచున బుడగలు రావడం, వేలు పెట్టకుండానే టచ్ తనంతట తానే నొక్కుకోవడం, మధ్యాహ్నం వేళ మ్యాప్ నెమ్మదించడం మొదలవుతాయి. డ్యాష్‌బోర్డు పైకి నిలబడి ఉండే పెద్ద తెరలు అందంగా కనిపిస్తాయి గానీ ఎండ నేరుగా తగిలేది వాటికే. కొనేముందు ఎంత ర్యామ్ అని అడిగేవాళ్లు ఎన్ని డిగ్రీల దాకా పనిచేస్తుందని కూడా అడగాలి. ఆ అంకె చెప్పలేని సరుకు మన ఎండలకు పనికిరాదు.

మరి ఏం చేయాలి

మోస్ట్ ఉన్న కారులో, కంపెనీ సిస్టమ్ పనిచేస్తున్నంత కాలం దాన్ని పీకకూడదు. దానికే అదనంగా ఒకటి కలపాలి. ఇందులో రెండు మూడు దారులున్నాయి. తెర బాగున్న కారుకు కార్‌ప్లే ఇంటర్‌ఫేస్ డబ్బా సరిపోతుంది. పాత తెరకూ యూనిట్‌కూ మధ్య వెళ్లే వీడియో కేబుల్‌లో దాన్ని ఇరికిస్తారు, బటన్ నొక్కితే కార్‌ప్లే వస్తుంది, ఇంకోసారి నొక్కితే పాత మెనూ వస్తుంది. తెర చిన్నదనిపిస్తే పాత తెరను మాత్రం తీసి పెద్ద ఆండ్రాయిడ్ తెర పెట్టే కిట్లు బీఎండబ్ల్యూకూ, ఆడికీ, బెంజ్‌కూ ఉన్నాయి. వీటిలో కంపెనీ యూనిట్ వెనక అలాగే ఉండి తన పని తాను చేసుకుంటుంది, కొత్త తెర నుంచి పాట ఆక్స్ (బయటి పాటను లోపలికి తీసుకునే సాకెట్) ద్వారా దానిలోకి పోయి అక్కణ్ణుంచి ఫైబర్ మీద ఆంప్‌కు చేరుతుంది. లాజిక్ 7 లెక్కలన్నీ బతికే ఉంటాయి. తెర అక్కర్లేదు, పాట చాలు అనుకునేవాళ్లకు ఆక్స్‌కు తగిలించే ఒక మంచి బ్లూటూత్ రిసీవర్ చాలు. ఎఫ్ఎం ట్రాన్స్‌మిటర్ జోలికి మాత్రం పోకూడదు. ఎఫ్ఎం ప్రసారంలో 15 కిలోహెర్ట్‌జ్ పైన శబ్దమే ఉండదు, పైగా హైవే మీద ప్రతి ఊరి దగ్గరా వేరే స్టేషన్ అడ్డొస్తుంది.

ఆక్స్ పద్ధతిలో ఒక లోపం తరచూ ఎదురవుతుంది. ఇంజన్ రేజ్ చేస్తే స్పీకర్లలో సన్నటి కూత పెరుగుతుంది. ఆల్టర్నేటర్ రొద అది, ఎర్త్ రెండు చోట్ల కలవడం వల్ల వస్తుంది. కొత్త తెర ఎర్త్‌ను పాత యూనిట్ ఎర్త్ ఉన్న చోటికే తెస్తే చాలావరకు పోతుంది, లేకపోతే పాట వైరులో ఎర్త్‌ను విడదీసే చిన్న ఐసొలేటర్ పెట్టాలి. ఆండ్రాయిడ్ వాల్యూమ్‌ను తక్కువలో ఉంచి కారు వాల్యూమ్ పెంచితే కూత, హిస్ అన్నీ పెద్దవవుతాయి. ఆండ్రాయిడ్‌లో వాల్యూమ్‌ను పగిలే హద్దుకు కొంచెం కిందే స్థిరంగా ఉంచి, పెంచడం తగ్గించడం కారు నాబ్ మీదే చేయాలి.

కంపెనీ యూనిట్ పూర్తిగా చచ్చిపోయిన కారుకు మాత్రం మార్చడం తప్పదు. అప్పుడు ఫైబర్ డీకోడర్ ఉన్న కిట్‌నే తీసుకోవాలి, ఆంప్‌ను కాపాడుకోవాలి. ఆంప్ కూడా పోయి ఉంటే, ఇంక పాతదాన్ని పట్టుకుని వేలాడడంలో అర్థం లేదు. ఛానెళ్లను విడివిడిగా సర్దగలిగే డీఎస్పీ అనే శబ్దాన్ని సరిచేసే చిప్పు ఉన్న విడి ఆంప్ పెట్టి, దాన్ని మైక్‌తో ట్యూన్ చేయగలిగేవాళ్ల చేత చేయించుకోవాలి. అది ఖర్చుతో కూడిన పనే, సగం చేసి వదిలేసేది కాదు.

సీమలో ఈ నిర్ణయానికి దూరం కూడా ఒక కారణం. కర్నూలు నుంచి హైదరాబాదు, అనంతపురం నుంచి బెంగళూరు రెండు వందల కిలోమీటర్ల పైమాట, కడపకు బెంగళూరైనా చెన్నై అయినా అంతకంటే దూరం. కొత్త యూనిట్‌ను కారు కంప్యూటర్‌లో నమోదు చేసే కోడింగ్ చేయాలన్నా, లాక్ విప్పాలన్నా ఒక రోజు పని మానుకుని పోవాలి. అందుకే ఇక్కడ చేయించే ఏ పనైనా కప్లర్ టు కప్లర్ అయి ఉండాలి, వైరు ఒక్కటి కూడా కోయకూడదు. ఏదైనా తేడా వస్తే కొత్తది ఊడదీసి పాతది గుచ్చితే కారు పాత స్థితికి రావాలి. ఈ మాట ముందే చెప్పి, దానికి ఒప్పుకున్న మెకానిక్‌కే కారు ఇవ్వాలి. జర్మన్ కార్ల పని తెలిసిన ఎలక్ట్రీషియన్లు మన ఊళ్లలోనూ ఉన్నారు. వాళ్లను గుర్తుపట్టడం సులువే. డ్యాష్‌బోర్డు విప్పే ముందు బ్యాటరీ నెగటివ్ తీస్తారు, కట్టర్ కంటే ముందు కారులోని లోపాలను చదివే స్కానర్ బయటికి తీస్తారు.

పని అయ్యాక తీసిన భాగాలను ఇంటికి తెచ్చుకోవాలి. స్క్రూలు, పాత తెర, బ్రాకెట్లు అన్నీ ఒక అట్టపెట్టెలో పెట్టి, రేడియో కోడ్ ఉన్న కాగితాన్ని, కప్లర్ల ఫొటోలను కూడా అందులోనే ఉంచాలి. కొన్ని కార్లలో బ్యాటరీ తీసిపెట్టాక ఆ కోడ్ కొట్టనిదే పాత సిస్టమ్ తెరుచుకోదు. ఈ కార్లను వెతికి కొనేవాళ్లలో చాలామంది కంపెనీ ఫిట్టింగ్ కోసమే చూస్తారు కాబట్టి, అమ్మే రోజున బేరంలో ఆ పెట్టెకు గట్టి విలువే ఉంటుంది.